వంటవాడు ఆయనే గదా తమ్మీ!

మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ సరిగ్గా ఛాతీ ఎత్తు. మోచేతులు ఆనించి నిలబడితే గంటసేపైనా నడుం నొయ్యదు. ఆ చివర మా ఆవిడ ఆరేసిన బట్టలు, ఈ చివర వదిన పెంచుకునే కొత్తిమీర డబ్బాలు. మధ్యలో మిగిలిన మూడడుగులు మాత్రం పక్కింటి అన్నదీ నాదీ.

"ఏం తమ్మీ, మల్ల ఓడిన్రా?"

2025 నవంబరు 19న పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం గేటు దాకా వెళ్తే వినపడిన మొదటి మాట ఇది.

"మీరూ చూశారా అన్నా?"

"నేనెందుకు జూస్త? నీ టీవీ తొమ్మిదిన్నరకే బందైంది. గెలిస్తే పదకొండు దాంక మోగిస్తవు గదా."

నిజమే. అంతకు ముందు రాత్రి ఢాకాలో ఫుట్‌బాల్‌లో మనవాళ్లు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడారు. పదకొండో నిమిషంలో గోలు తిని, తర్వాత ఎనభై నిమిషాలు బంతిని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నారు. బంగ్లాదేశ్ మన మీద గెలవడం 2003 తర్వాత అదే మొదలు. అసలు దెబ్బ అప్పటికే తగిలింది. అక్టోబరు 14న గోవాలో సింగపూర్‌తో 1-2తో ఓడినప్పుడే 2027 ఆసియా కప్ తలుపు మూసుకుపోయింది. అర్హత గ్రూపులో సింగపూర్, హాంకాంగ్, బంగ్లాదేశ్, మనం. ఈ నలుగురిలో మొదటి స్థానం తెచ్చుకుంటే చాలు. గ్రూపు డ్రా తీసిన రోజు నేను పక్క వీధి మిఠాయి కొట్లో అరకిలో మైసూర్‌పాక్ కొని అన్న వాళ్లింటికి కూడా పంపాను. ఆ డబ్బా అప్పటికింకా తిరిగి రాలేదు, అది వేరే సంగతి.

అన్న గురించి రెండు ముక్కలు చెప్పాలి. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో ఎడమవైపు ఆడేవాడు. క్రికెట్ అంటే పడదు. మేముండే కాలనీకి అమ్ముగూడ పక్కనే. తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు. మన రెండు రాష్ట్రాల్లో ఆ పేరు చెప్తే ఎంతమంది తలెత్తి చూస్తారో గానీ, అన్న మాత్రం ఆ పేరు చెప్పేముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు. నేనేమో ఇరవై ఏళ్ల కిందట గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాణ్ని. కేబుల్ టీవీలో యూరప్ ఆటలు చూసి ఫుట్‌బాల్ నేర్చుకున్నాను. అందుకని నా మాటల్ని అన్న సగమే లెక్కలోకి తీసుకుంటాడు.

"ఇప్పుడున్న కోచ్ ఎవరు? తెల్లాయనేనా?" అన్నాడు.

"కాదన్నా, మనవాడే. ఖాలిద్ జమీల్. ఆగస్టులో వచ్చాడు. ఐజ్వాల్ లాంటి చిన్న క్లబ్బుతో 2017లో ఐ-లీగ్ గెలిపించిన మనిషి."

"మంచోడే గదా. మరి ముందటాయన?"

ఇక్కడ నాకు ఊపు వచ్చింది. ముందటాయన మనోలో మార్కెజ్. స్పెయిన్‌వాడు. పేరు వినగానే అన్న కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "గాయన మన హైదరాబాద్ టీముకు కప్పు తెచ్చినాయన గాదూ?"

ఆయనే. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ 68వ నిమిషంలో గోలు కొట్టింది. మరో రెండు నిమిషాల్లో తొంభై పూర్తవుతాయనగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి గోల్‌లో పడింది. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి మా డాబా మీద నేను వేసిన కేకలకి కాలనీ వాచ్‌మన్ విజిల్ వేసుకుంటూ వచ్చాడు. కరోనా మూలంగా ఆ సీజనంతా గోవాలోనే ఆడారు కాబట్టి, మన ఊరి జట్టు ఛాంపియన్ అయిన ఏడాది మన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. తద్దినం ఇక్కడ, భోజనాలు అక్కడ అన్నట్టు. అయినా సరే, మరుసటి ఏడు గచ్చిబౌలికి వచ్చాక లీగులో రెండో స్థానం తెచ్చారు.

అదే మనిషి 2024 జూలైలో దేశం జట్టు పగ్గాలు పట్టుకున్నాడు. ఎనిమిది మ్యాచులు ఆడించాడు. మాల్దీవుల మీద ఒకటి గెలిచాడు. నాలుగు సమం, మూడు ఓటములు. హాంకాంగ్‌లో 0-1తో ఓడాక మూటాముల్లె సర్దుకున్నాడు.

అన్న కాసేపు మాట్లాడలేదు. కొత్తిమీర డబ్బాలోంచి ఒక పుల్ల పీకి, "వంటవాడు ఆయనే గదా తమ్మీ! మనింట్ల బిర్యానీ చేసిండు, ఆ ఇంట్ల గంజి గాసిండు. ఎందుకంటవు?" అన్నాడు.

ఈ ప్రశ్న నేను వేసుకోకుండానే మూడేళ్లుగా టీవీ ముందు కూర్చుని కోచ్‌లను తిట్టాను.

సరుకుల సంగతి చూడండి. హైదరాబాద్ జట్టులో గోల్స్ కొట్టింది ఎవరు? బార్తొలొమ్యూ ఒగ్బెచే. నైజీరియావాడు. ఛాంపియన్ అయిన ఆ సీజన్లో పద్దెనిమిది గోల్స్. మనోలో వంటకంలో మసాలా ఆయనే. ఐఎస్ఎల్లో చాలా క్లబ్బుల్లో ముందు నిలబడి గోల్స్ కొట్టేది విదేశీయుడు. మన కుర్రాళ్లు రెక్కల మీద పరుగెడతారు, లేదంటే బెంచీ మీద టవల్ కప్పుకుని కూర్చుంటారు. క్లబ్బుని తప్పు పట్టలేం. కోట్లు పోసినవాడికి శనివారం మ్యాచ్ గెలవాలి. కానీ దేశం జట్టుకి వచ్చేసరికి ఒగ్బెచేని అరువు తెచ్చుకోవడం కుదరదు కదా. వంటింట్లో డబ్బా తెరిస్తే అడుగున సునీల్ ఛెత్రి ఒక్కడే ఉన్నాడు. 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో మ్యాచ్ ఆడి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయిన మనిషిని, తొమ్మిది నెలలు తిరిగేసరికి నలభై ఏళ్ల వయసులో మళ్లీ పిలుచుకొచ్చారు. మాల్దీవుల మీద ఆయన గోలు కొడితే టీవీలో పండగ చేశారు. నాకేమో కొడుకు సంపాదన లేక రిటైరైన తండ్రి మళ్లీ డ్యూటీకి వెళ్తున్నట్టు అనిపించింది.

నేనిదంతా చెప్తుంటే అన్న చెయ్యి ఊపాడు. "జర్నైల్ సింగ్ పేరు ఇన్నవా?"

విన్నాను. ఎవరు వినలేదు అని అడగాలి మా గోడ దగ్గర. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. జర్నైల్ సింగ్ వెనక నిలబడి అడ్డుకునే ఆటగాడు. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తల పగిలింది. కుట్లు పడ్డాయి. అప్పటి కోచ్, మన రహీం సాబ్ ఏం చేశారంటే, ఆ కట్టుకట్టిన తలతోనే ఆయన్ని ముందుకి తెచ్చి నిలబెట్టారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద గోలు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఇంకో గోలు. గ్రూపు దశలో మనల్ని 0-2తో ఓడించిన ఆ కొరియానే 2-1తో పడగొట్టి బంగారం తెచ్చారు.

"సరుకు లేకపోతే ఉన్నదాంతోని జేసిండు. గది వంట," అన్నాడు అన్న.

సయ్యద్ అబ్దుల్ రహీం. కాచిగూడ బడిలో పంతులు. అన్న ఆయన్ని చూడలేదు, వాళ్ల నాన్న చూశాడట. కానీ ఈ కథ విన్న ప్రతిసారీ నాకు పట్టుకునేది జర్నైల్ తల కాదు. రహీం సాబ్ ఒక్క కోచ్ మాత్రమే కాదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి కూడా ఆయనే. అంటే వంటవాడూ ఆయనే, యజమానీ ఆయనే, పెరట్లో కూరగాయలు వేసిందీ ఆయనే. కుర్రాళ్లకి బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని అట్టేపెట్టుకోకుండా వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలని పోటీలు పెట్టేవారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చిందంటే ఆ పెరటి పుణ్యమే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచాం. బలరాం, తంగరాజ్, లతీఫ్, జుల్ఫికర్... ఎంతమంది మన ఊరివాళ్లు! 1963లో క్యాన్సర్‌తో పోయేవరకూ పదమూడేళ్లు ఆయన చేతిలోనే దేశం జట్టు.

ఇప్పుడో? 2024 జూన్ నుంచి 2025 ఆగస్టు దాకా లెక్కేస్తే పద్నాలుగు నెలల్లో ముగ్గురు. వాళ్లలో మొదటివాడు స్టిమాచ్ అయిదేళ్లున్నాడు, క్రొయేషియావాడు. ఆయన హయాంలో 2023లో మూడు కప్పులు ఇంటికొచ్చాయి, ర్యాంకు 99కి ఎక్కింది. ఆ ఊపులో కాంట్రాక్టు 2026 దాకా పొడిగించారు. ఆ తర్వాత ఖతర్‌లో ఆసియా కప్‌కి వెళ్లి మూడు మ్యాచులూ ఒక్క గోలు లేకుండా ఓడారు. గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో ఓడారు. పొమ్మన్నారు. కాంట్రాక్టు మిగిలి ఉంది కాబట్టి నాలుగు లక్షల డాలర్లు ఇచ్చి మరీ పంపారు. ఆ డబ్బుతో ఎన్ని ఊళ్లలో ఎన్ని గోల్‌పోస్టులు పాతించవచ్చో నేనూ అన్నా వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, వదిన "టిఫిన్ సల్లారిపోతుంది" అని అరిస్తే ఆపేశాం.

ఆ తర్వాత వచ్చిన మనోలోని ఒకేసారి రెండు కొలువుల్లో పెట్టారు. గోవా క్లబ్బుకీ ఆయనే కోచ్, దేశానికీ ఆయనే. ఇది మాత్రం నాకు నేటికీ మింగుడుపడదు. ఒక పెళ్లిలో వండుతూ ఇంకో పెళ్లి పొయ్యి మీద చెయ్యి పెట్టగలడా మనిషి? ఆయన ఒప్పుకోవడం తప్పే, కానీ అడిగినవాళ్లది ఇంకా పెద్ద తప్పు.

దేశం జట్టుని ఆయన నడిపించిన మొదటి మ్యాచ్‌కి నేను వెళ్లాను. 2024 సెప్టెంబరు 3, గచ్చిబౌలి. ఆ వారమంతా కుండపోత వానలు. ఊరి ఈ మూల నుంచి ఆ మూలకి, మా అబ్బాయిని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాను. ఎదుట మారిషస్. వాళ్ల ర్యాంకు 179. దేశం మొత్తం కలిపినా మన మేడ్చల్ జిల్లా జనాభా అంత ఉండరు. తొంభై నిమిషాలు చూశాం. 0-0. తిరిగొచ్చేటప్పుడు మావాడు ఒకటే అడిగాడు: "నాన్నా, మనకి గోలు కొట్టేవాడు ఎవరు?" సిగ్నల్ పడింది కాబట్టి సరిపోయింది, జవాబు చెప్పక్కర్లేకుండా బండి ముందుకి పోనిచ్చాను.

"జ్యోతిష్కం ఏదో ఇన్న నేను," అన్నాడు అన్న ఉన్నట్టుండి. అదీ నిజమే. 2022లో ఆసియా కప్ అర్హత పోటీలప్పుడు స్టిమాచ్ ఆటగాళ్ల పేర్లు జ్యోతిష్కుడికి పంపి ఎవరిని ఆడించాలో అడిగాడని మరుసటి ఏడు పత్రికలు బయటపెట్టాయి. తమాషా ఏమిటంటే ఆ మూడు మ్యాచులూ గెలిచాం. హాంకాంగ్‌ని 4-0తో కొట్టాం.

"మరి ఆయన్నే కోచ్‌ని జెయ్యకపోయిన్రా! స్పెయిన్ టికెట్ల పైసలన్నా మిగులుతుండె."

నవ్వాం గానీ, నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మేమిద్దరం ఒప్పుకున్నది ఒకటే. ఖాలిద్ జమీల్‌ని ఇప్పుడు తిడితే పాపం. సెప్టెంబరులో మొదలవ్వాల్సిన ఐఎస్ఎల్ అప్పటికి మొదలవ్వనే లేదు. లీగు హక్కుల పదిహేనేళ్ల ఒప్పందం ఆ డిసెంబరు 8తో ముగిసిపోవాల్సి ఉంది, కొత్త టెండరు పిలిస్తే ఒక్కరూ రాలేదు. ఆటగాళ్లకి ఆటే లేనప్పుడు కోచ్ ఎవర్ని ఏరుకుంటాడు? బడికి పోని పిల్లల్ని పరీక్షలో కూర్చోబెట్టి పంతుల్ని తిట్టినట్టు ఉంటుంది. కోచ్‌ని మార్చడం అధికారులకి తేలికైన పని. ఒక ప్రెస్ నోట్ చాలు. పదేళ్లు ఓపిక పట్టి పదిహేనేళ్ల పిల్లవాడికి గోలు కొట్టడం నేర్పించేవాడి పేరు ఏ ప్రెస్ నోట్‌లోనూ రాదు. ఢాకా మ్యాచ్ జరిగిన వారంలోనే మన ర్యాంకు 142కి దిగింది. అది ఖాలిద్ ఖాతాలో రాయడం నాకైతే మనసొప్పదు.

"పోనీ మన హైదరాబాద్ టీమన్న ఉంది గదా. దాని సంగతేంది?" అన్నాడు అన్న.

ఆయనకి తెలియదని అప్పుడే అర్థమైంది. ఎలా చెప్పాలో తోచలేదు. మనోలో వెళ్లిపోయిన ఏడాదే ఆ జట్టులో జీతాలు ఆగాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. కొత్తవాళ్లని చేర్చుకోవద్దని నిషేధం పడింది. కప్పు గెలిచిన జట్టు రెండేళ్లలో ఇరవై రెండు మ్యాచుల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. తర్వాత యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో జట్టుని ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. హైదరాబాద్ అన్న ముక్కే లేదు ఇప్పుడు అందులో.

అంతా విని అన్న పాలప్యాకెట్ చేతులు మార్చుకున్నాడు. "రోవర్స్ కప్పు అయిదుసార్లు తెచ్చిన ఊరు తమ్మీ," అన్నాడు. ఆ పైన ఏమీ అనలేదు. వదిన గోడ మీద నా మైసూర్‌పాక్ డబ్బా పెట్టి వెళ్లింది. లోపల వేడి వేడి సర్వపిండి.

అప్పటికింకా 2026 మార్చి 31న హాంకాంగ్‌తో ఆఖరి మ్యాచ్ మిగిలి ఉంది. గెలిచినా ఓడినా ఆసియా కప్‌కి వెళ్లేది లేదు. అయినా చూద్దామనే అనుకున్నాను. టీవీ సౌండు తగ్గించి చూద్దామనుకున్నాను, మీరు మాత్రం అన్నకి చెప్పకండి.