గూటిలోని గ్లాసు

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిన మాట నేను చిన్ననాటినుండి వినుచున్నదే. అయినను ఆ మాట మతవిషయమునకు గూడ వర్తించునని నలువదియైదేండ్లు నిండిన పిదపగాని నాకు బోధపడలేదు. బోధపరచినవారు మా గురువులు గారు, పొరుగింటి వదినగారు. ఆ సంగతి చెప్పుకొనుటకు నాకు కొంత సిగ్గుగానే యున్నది. అయినను సోదరీమణులతో పంచుకొనుట మేలని తలంచి వ్రాయుచున్నాను.

మాది కతోలిక కుటుంబము. 18వ శతాబ్దమున ఫ్రెంచి జెస్యూట్ గురువులు తెలుగుదేశమున బోధ చేసిన కాలముననే మా పూర్వులు జ్ఞానస్నానము పొందిరని మా యింట చెప్పుకొందురు. మతము మారినది గాని కులము మారలేదు. ఇంటిపేర్లు, పెండ్లి సంబంధములు, ఎవరి వాడ వారిదిగా నుండుట, అన్నియు వెనుకటివలెనే నిలిచినవి. ఆదివారపు పూజకును, సాయంకాలపు జపమాలకును మేము తప్పినవారము కాము. కావున మాది మంచి విశ్వాసమనియే నేను తలంచుచుంటిని.

పొరుగింటివారు శివభక్తులు. కార్తికమాసమున వదినగారు తులసికోటయొద్ద పెట్టు దీపముల వెలుగు మా వాకిటివరకు వచ్చును. సంక్రాంతికి ఆమె అరిసెలు పంపును. క్రిస్మసునకు నేను కజ్జికాయలు పంపుదును. ఒక సంవత్సరము ఆమె నాతో గూడ విజయవాడలోని గుణదల మాత ఉత్సవమునకు వచ్చెను. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు ఆ యుత్సవమునకు అన్ని మతములవారును వత్తురు. అచ్చట కొబ్బరికాయలు కొట్టువారిని, తలనీలాలిచ్చువారిని చూచి ఆమె, “మీ అమ్మ మావాళ్ళను కూడా కాదనదే!” అని సంతోషించెను. నాకు మిక్కిలి గర్వము కలిగెను. కొండ దిగుచున్నంతసేపును, మా గుడిలో హెచ్చుతగ్గులు లేవనియు, ధనికుడును పేదయు ఒకే సత్ప్రసాదము స్వీకరింతురనియు ఆమెకు ఉపన్యసించితిని. ఆమె ఓపికతో వినెను.

వారము దినములు గడచినవి. ఒక ఉదయము ఆమె మా పెరటి వసారాలో కూర్చుండి నాతో మాటలాడుచుండెను. మా పశువుల కొట్టము ఊడ్చు ముసలమ్మ పని ముగించుకొని వచ్చెను. ఆమెయు కతోలికురాలే, ఆదివారము మా గుడికే వచ్చును. పెరటి గోడకొక గూడు కలదు. అందులో బోర్లించియున్న సత్తుగ్లాసును ఆమె తీసి ముందుకు చాచెను. నేను తగలకుండ పైనుండి కాఫీ పోసితిని. ఆమె నేలమీద కూర్చుండి త్రాగి, గ్లాసు తానే కడిగి, మరల గూటిలో బోర్లించి వెడలిపోయెను. ఇరువది యేండ్లకు పైగా ప్రతిదినమును జరుగుచున్నదే. నా కన్నులకు అది కనబడుటయే మానివేసినది.

వదినగారు మెల్లగా, “వదినగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆమె కూడా మీ గుడికే వస్తుంది గదా? మరి ఆ గ్లాసు గూట్లో ఎందుకుంది?” అనెను.

“అత్తగారి నాటినుంచీ వస్తున్న ఆచారమండీ” అంటిని.

ఆమె కొంతసేపు ఊరకుండి, “మా ఇంట్లోనూ అట్లాంటి గ్లాసు ఉంది. అయితే మేము లేదని ఎవరికీ చెప్పలేదు” అనెను.

ఆ మాటలో ఎగతాళి లేదు. అందుకే అది మరింత లోతుగా దిగెను. మొదట నాకు కోపము వచ్చెను. మా యింటి సంగతి ఈమె కేల యనుకొంటిని. ఆ యాదివారము సత్ప్రసాదమునకు వరుసలో నిలిచినప్పుడు మాత్రము వెనుకకు తిరిగి చూడకుండ నుండలేకపోయితిని. ముందు బల్లలు మావి. వెనుక చాపలు వారివి. ముసలమ్మ చిట్టచివర నిలిచియుండెను. మాకు పెట్టిన పాత్రలోనుండియే ఆమె నాలుకపైనను గురువుగారు ప్రభువు శరీరము నుంచిరి. ఆ నాలుక తగిలిన గ్లాసు నా వంటయింటికి తగదట! బలిపీఠమునకు లేని మడి నా గడపకు ఎచ్చటినుండి వచ్చెను?

ఆ దినములలోనే మా బంధువులలో ఒక మఠకన్య నాకు కియారా లూబిక్ అను ఇటలీ దేశస్థురాలి చరిత్ర చదువుమని ఇచ్చెను. ఆమె 1920లో ట్రెంటో నగరమున జన్మించెను. పెట్టిన పేరు సిల్వియా. అస్సీసి పట్టణపు పునీత క్లారమ్మపై భక్తిచే కియారా యను పేరు గైకొనెను. వృత్తిచే బడిపంతులమ్మ. 1943వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన, యుద్ధము నడుచుచుండగా, ఒంటరిగా గుడికి పోయి తన జీవితమును దేవునికి సమర్పించుకొనెను. బాంబులు పడునప్పుడు ఆమెయు చెలికత్తెలును సువార్త గ్రంథము మాత్రము చేతబట్టుకొని నేలమాళిగలోనికి పరుగెత్తెడివారు. ఒకనాడచ్చట క్రొవ్వొత్తి వెలుగున గ్రంథము తెరవగా యోహాను సువార్త 17వ అధ్యాయము వచ్చెను. క్రీస్తు ప్రభువు తన మరణమునకు ముందు రాత్రి, తనవారందరు ఒక్కటిగా నుండవలెనని తండ్రిని వేడుకొన్న ఘట్టమది. ఆ వేడికోలులోనే దాని కారణమును కలదు: ఆ యైక్యమును చూచియే లోకము నమ్మునట. ఈ వాక్యముకొరకే తాము పుట్టితిమని ఆ యువతులకు తోచెను.

1944 మే 13న బాంబుల వలన ఆమె యిల్లు పాడయ్యెను. తలిదండ్రులు ఊరు విడిచిపోయిరి. ఆమె చెలికత్తెలకొరకు నిలిచిపోయెను. నలుగురు ఆప్తులను పోగొట్టుకొని వెఱ్ఱిదానివలె నేడ్చుచున్న యొక స్త్రీ వీధిలో ఎదురుపడగా, ఆమెను కౌగిలించుకొని, తన దుఃఖమును మరచి ఆమె దుఃఖమును మోసెను. ఆ చరిత్రలో నన్ను నిలిపివేసిన దొక చిన్న సంగతి. ఆ యువతులు బీదలను తమ యింటికి భోజనమునకు పిలిచి, తమకున్న వానిలో మేలైన గుడ్డ బల్లపై పరచి, తమలో ఒకతె, ప్రక్కన ఒక బీద, మరల తమలో ఒకతె, మరల ఒక బీద, ఈ వరుసను కూర్చుండి తినెడివారట. వారి ప్రేమయొక్క వెచ్చదనమును చూచి జనులు ఆ గుంపునకు ‘ఫొకొలారె’ యని పేరుపెట్టిరి. ఇటలీ భాషలో ఆ మాటకు ఇంటి పొయ్యి యని యర్థము. 1962లో పాపుగారి యామోదము పొందిన ఆ సంఘము నేడు 180కి పైగా దేశములలో వ్యాపించియున్నది. పురుషులు, గురువులు, పీఠాధిపతులు గూడ నందు చేరినను, అధ్యక్షస్థానమున ఎల్లప్పుడు స్త్రీయే యుండవలెనని దాని నిబంధన. కియారా 2008లో పరమపదించెను.

పొయ్యి పేరుగల యొక సంఘము! నా పొయ్యియొద్దకు ముసలమ్మ ఒకనాడైనను రాలేదు. వదినగారికి నేను కొండపై చెప్పినదంతయు మాటల సాక్ష్యము. నా పెరటిలో ఆమె చూచినది నిజమైన సాక్ష్యము. ప్రభువు కోరిన యైక్యము నా యింటనే లేనప్పుడు నా మాట ఎవరు నమ్మవలెను? ఇది నాకొక్కతెకు తట్టిన విషయము గాదు. కులభేదము ఘోరమైన పాపమని భారతదేశపు కతోలిక పీఠాధిపతులు 2016లో ఒక విధానపత్రముననే ప్రకటించిరి. 2022 ఆగస్టులో ఫ్రాన్సిస్ పాపుగారు హైదరాబాదు అగ్రపీఠాధిపతులగు పూల అంతోనిగారిని కార్డినలుగా చేసిరి. దళితులలోను, తెలుగువారిలోను ఆ పదవి నందిన మొదటివారు ఆయనయే. మా యింట అందరము టెలివిజనులో ఆ యుత్సవము చూచి చప్పట్లు కొట్టితిమి. అప్పుడును గ్లాసు గూటిలోనే యుండెను.

ఒక రాత్రి అత్తగారితో ఈ మాట చెప్పితిని. ఆమెకు ఎనుబదియేండ్లు. “నేను పోయిం తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో అమ్మాయ్” అని గోడవైపు తిరిగిరి. మావారు ఏమియు పలుకలేదు. మరునాటి ఉదయము నేనే ముసలమ్మను వంటయింటి వసారాలోనికి పిలిచి, పీట వేసి, మేము త్రాగు స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చితిని. ఆమె సంతోషించునని యెదురుచూచితిని. ఆమె చేయి చాపలేదు.

“నా గ్లాసు నాకు చాల్లెండమ్మా” అనెను.

నా మనస్సు చివుక్కుమనెను. నేను చేసిన మంచిపని నాకు తిరిగి వచ్చినట్లుండెను. కాని ప్రేమించుటలో మనమే ముందడుగు వేయవలెననియు, ఎదుటివారు మాటలాడునప్పుడు మన తలంపులను ఖాళీచేసికొని వినవలెననియు కియారా బోధించిన సంగతి జ్ఞప్తికి వచ్చి, నేను గూడ ఆమె ప్రక్కన నేలపై కూర్చుండి, “ఎందుకు వద్దంటున్నావు?” అని యడిగితిని. ఆమె చాలసేపటికి నోరు విప్పెను.

“ఇవాళ మీ మనసు బాగుండి లోపలికి పిలిచారు. రేపు మీ చుట్టాలొచ్చినప్పుడు మళ్ళా గూటివైపు చూస్తే నేను తట్టుకోలేనమ్మా. దానికంటె ఇదే నయం. వచ్చే నెల నా మనవరాలి పెళ్ళి. గుడికి మీరొస్తారు, అక్షింతలు వేస్తారు, నాకు తెలుసు. మా వాడకొచ్చి బంతిలో కూర్చుని అన్నం తింటారా?”

ఇరువదియేండ్లలో నేనామెను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. ఇచ్చుట సులభము, ఒకరి చేతి యన్నము పుచ్చుకొనుట కష్టమని అప్పుడు తెలిసికొంటిని.

పెండ్లికి పోయితిమి. మావారు గూడ, నేను పిలువకయే, చొక్కా తొడుగుకొని వచ్చిరి. అత్తగారు రాలేదు. పందిరిక్రింద బంతిలో కూర్చుండి పులిహోర, పప్పు, వంకాయకూర తింటిమి. ముసలమ్మ వడ్డించుచు మా విస్తళ్ళయొద్ద రెండుసారులు నిలిచెను. మేము నిజముగా తినుచున్నామా యని చూచుటకే యనుకొందును.

దీనికి వెల లేకపోలేదు. మా బంధువులలో రెండిండ్లవారు మాతో రాకపోకలు మానిరి. మా అమ్మాయికి అనుకొనుచున్న సంబంధమొకటి తప్పిపోయెను. కారణము వారు చెప్పలేదు, చెప్పనక్కరయు లేదు. ఆ రాత్రి నేను ఏడ్చితిని. అమ్మాయి నన్ను నిందింపలేదు, మెచ్చుకొనలేదు. ఆమె మౌనమునకు అర్థమేమో నాకింకను తెలియదు.

కొన్ని దినములకు వదినగారు వచ్చి గూటివైపు చూచెను. అందులో సబ్బుబిళ్ళ యుండెను. “ఆమె తాగిన గ్లాసు ఎవరు కడుగుతున్నారు?” అని యడిగెను. “అన్నిటితోబాటు నేనేనండీ” అంటిని. ఆమె నిట్టూర్చి, “మా ఇంట్లో నాకింకా ధైర్యం చాలలేదు” అనెను. ఆమెకు చెప్పవలసిన మాటలు నా నాలుకపై నున్నవి. మ్రింగివేసి, ఆమె తన యత్తవారింటి కష్టము చెప్పుకొనుచుండగా వింటిని. ఇతర మతములలోని సత్యమైనదానిని, పవిత్రమైనదానిని దేనిని త్రోసివేయరాదని రెండవ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించెను. కియారాయు 2001లో కోయంబత్తూరు వచ్చినప్పుడు గాంధేయులచేత సన్మానము పొంది, హిందూ సోదరులతో సమముగా కూర్చుండి సంభాషించెను. సంభాషణమనగా ఎదుటివారిని గెలుచుట యని నేను తలంచియుంటిని. వదినగారి ప్రశ్న నన్ను నా సువార్తయొద్దకే తిరిగి నడిపించినది. ఆ ఋణము నేను తీర్చుకొనలేను.

అంతయు చక్కబడినదని చెప్పిన అబద్ధమగును. గుడిలో ముందు బల్లలు, వెనుక చాపలు ఇంకను అట్లే యున్నవి. నేను చాపపై ముసలమ్మ ప్రక్కన కూర్చుండుచున్నాను. కొందరు చూచి నవ్వుదురు. అత్తగారు ముసలమ్మ వసారాలోనికి వచ్చినప్పుడు నేటికిని ముఖము త్రిప్పుకొందురు గాని, గ్లాసు ఏదని అడుగుట మానిరి.

ఆ సత్తుగ్లాసును నేను పారవేయబోగా ముసలమ్మ వారించి, తన యింట బియ్యము కొలుచుకొనుటకు పట్టుకొనిపోయెను. సోదరీమణులారా! మీది ఏ మతమైనను సరే, ఒక్కసారి మీ పెరటి గూటిలోనికి తొంగిచూడుడని మాత్రము వేడుకొనుచున్నాను.