సార్నియాలో గీసి చూచిన లెక్క

హ్యూరన్ సరస్సునుండి వెడలిన సెయింట్ క్లెయిర్ నది ఒక దరిని కెనడాను, మరియొక దరిని అమెరికాను ఉంచుకొని దక్షిణముగా ప్రవహించుచుండగా, సార్నియా నగరమునకు దిగువన పొగగొట్టములును, గోళాకారపు తొట్లును మైళ్ల పర్యంతము బారులుతీరి కనిపించును. దీనినే ఇచ్చటివారు కెమికల్ వ్యాలీ యందురు. 1858లో సమీపమున ఆయిల్ స్ప్రింగ్స్‌లో జేమ్స్ మిల్లర్ విలియమ్స్ తవ్వించిన చమురుబావి యీ పరిశ్రమకు ఆది.

నేను వచ్చినది లాంబ్టన్ కళాశాలలో చదువుచున్న మా అన్నగారి కుమారుని చూచుటకు. అయినను అతడు కంప్యూటరుపై తన అభ్యాసమును చూపగా, ఆ పొగగొట్టముల వెనుకనున్న యోచన యెట్టిదో కొంత బోధపడినది. హద్దులకు లోబడి లాభమును గరిష్ఠము చేయు లీనియర్ ప్రోగ్రామింగు చమురుశుద్ధికి పరాయి విద్య కాదు. గణితజ్ఞుడు డాంట్జిగ్ 1947లో ఆ లెక్కలను సాధించు సింప్లెక్స్ పద్ధతిని రూపొందించిన ఐదేండ్లకే చార్న్స్, కూపర్, మెల్లన్ అను మువ్వురు విమానపు పెట్రోలు మిశ్రమములను ఈ విద్యతో నిర్ణయించి చూపిరి.

అతడు తీసికొన్న లెక్క చిన్నది. సాధారణ పెట్రోలు ఎక్స్ వేల పీపాలు, మేలురకము వై వేల పీపాలు. మొదటి ముడిసరుకు ఎక్స్‌కు ఒకటి, వైకి రెండు పాళ్ల చొప్పున 40కి మించరాదు. రెండవది మూడు, రెండు పాళ్ల చొప్పున 60కి మించరాదు. లాభము ఎక్స్‌కు 4, వైకి 5. "ముందు గీయాలి బాబాయ్, తర్వాతే జవాబు అడగాలి" అనుచు అతడు పైథాన్‌లో, చిత్రములు గీయు మ్యాట్‌ప్లాట్‌లిబ్ సాయమున, రెండు రేఖలు గీసి, వాని దిగువనున్న చతుర్భుజమును, అనగా సాధ్య ప్రాంతమును, లేతనీలముతో నింపెను. ఒకే లాభమునిచ్చు బిందువులను కలుపు సమలాభ రేఖను మెల్లగా పైకి జరుపగా అది కట్టకడపట తాకిన శీర్షము (10, 15), లాభము 115. పిదప పైథాన్ గణిత గ్రంథాలయమైన సైపైలో ఇట్టి లెక్కలను సాధించు లిన్‌ప్రాగ్‌ను పిలిచెను. అది కనిష్ఠమునే వెదకును గనుక గుణకములను −4, −5 అని యిచ్చి, వచ్చిన −115ను చిహ్నము మార్చి చదువుకొనవలెను.

మేలురకపు లాభమును 8కి పెంచినంతనే సమలాభ రేఖ మొదటి నిబంధనకు సమాంతరమై, (10, 15) మొదలు (0, 20) వరకు గల అంచంతయు సమాధానమే యయ్యెను. 9 చేయగా సాధారణ పెట్రోలును పూర్తిగా మానివేయుమనెను. లిన్‌ప్రాగ్ ఒక్క బిందువును చెప్పి ఊరకుండును; అంచునంతను కన్నులకు కట్టినది చిత్రమే. తొలి లెక్కలో మొదటి ముడిసరుకును 40కి బదులు 41 చేసినచో లాభము 1.75 పెరుగును, ఆ సరుకును అదనముగా కొనుటకు ఎంతవరకు వెచ్చింపవచ్చునో దీనివలన తెలియును.

వేల చరరాశులు గల అసలు లెక్కను ఎవరును గీయజాలరు; నిబంధనగా వ్రాయనిదానిని యంత్రము పాటింపదు. ఈ కర్మాగారముల నడుమనే ఆమ్జివ్‌నాంగ్ ఆదివాసుల నివాసభూమి కలదు. 2024 ఏప్రిల్‌లో గాలిలో బెంజీన్ హెచ్చుటచే వారు అత్యవసర పరిస్థితిని ప్రకటింపవలసివచ్చెను. గాలికి గల హద్దు కూడ ఒక అసమీకరణమై లెక్కలో చేరనిచో, వచ్చిన జవాబు గణితమునకు సరిపోవును గాని జనులకు సరిపోదు.

నదికి ఆవలి రాష్ట్రమందలి మిచిగన్ విశ్వవిద్యాలయమున లీనియర్ ప్రోగ్రామింగును బోధించి, 1983లో దీనిపై ఉద్గ్రంథమును వెలువరించిన ఆచార్యుడు కట్టా జి. మూర్తి. మన పదవ తరగతి పిల్లలు ఒకప్పుడు గ్రాఫు కాగితముపై సాధించిన ఈ లెక్కలను మన కళాశాలల గణితోపాధ్యాయులు పైథాన్‌లో మరల గీయింపవలెననియు, జవాబుకంటె ముందు సాధ్య ప్రాంతమున విద్యార్థిచేతనే రంగు నింపింపవలెననియు నా మనవి.