తోటలో మకాం

నూజివీడు స్టేషన్లో రైలు దిగితే మీకు నూజివీడు కనిపించదు. ఆ పేరు పెట్టుకున్న స్టేషను హనుమాన్ జంక్షన్లో ఉంది. ఊరికి రావాలంటే అక్కణ్ణుంచి ఇరవై కిలోమీటర్ల దాకా లోపలికి ప్రయాణం. ఆ ప్రయాణమే ఒక ముచ్చట లెండి. కాలవ నీళ్లు, వరిచేలు వెనకబడిపోతాయి. నేల మెల్లగా ఎర్రబడుతుంది. రోడ్డుకు రెండు పక్కలా మామిడితోటలు మొదలవుతాయి. డెల్టా దాటి మెట్టలోకి వచ్చామని ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆమధ్య వైశాఖంలో మా పిన్నివాళ్ల తోటలో వారం రోజులు మకాం పెట్టాను. రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా, చెట్టు కింద రెండు నులకమంచాలు. పొద్దున్నే ఏదో ఒక దిక్కుకు వెళ్లడం, పొద్దుగూకేసరికి మళ్లీ అదే మంచం మీదికి చేరడం. ఒక్కరోజులో నాలుగు ఊళ్లు చుట్టేస్తే కాళ్లనొప్పులే మిగులుతాయి. ఒకచోట మకాం వేస్తే చూసినదాన్ని రాత్రి నెమరేసుకునే తీరిక ఉంటుంది. మీరూ ఒకసారి అలా వచ్చి చూడండి.

తోటలో రోజు మొదలయ్యేది కోతతో. చిక్కం కట్టిన గెడతో కాయను తొడిమతో సహా దించుతారు. తొడిమ విరిగిందా, సొన కారి కాయ మీద మచ్చ పడుతుంది, మచ్చ కాయకు ధర పలకదు. ఇంటికని ఉంచుకున్నవి వరిగడ్డిలో మాగేస్తారు. బంగినపల్లి ముక్కలు కోసుకునే పండు. తోతాపురి ఉంది చూశారూ, దాన్ని ఇక్కడ కలెక్టరు కాయ అంటారు. చిన్న రసానికి మాత్రం కత్తి తగలకూడదు. రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా నలిపి, ముచ్చిక తీసేసి, మొదట వచ్చే రెండు చుక్కలు పిండేసి, ఆ తర్వాత జుర్రుకోవాలి. ఈ క్రమం బాబాయి దగ్గరుండి నేర్పారు.

మొదటి రోజు ఊళ్లోకే వెళ్లాం. నూజివీడంటే నువ్వుచేల వీడని పెద్దలంటారు. నువ్వుచేలో ఒక మేక తోడేలుకు ఎదురు నిలిచిందట, అది చూసి ఇక్కడ కోట కట్టారట. జమీందార్ల ఇంటిపేరు కూడా మేకావారే. ఆ ఇంటివారైన రంగయ్య అప్పారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో ఇప్పుడు ఊరూరి పల్లె పిల్లలు చదువుకుంటున్నారు. కానీ నన్ను కట్టిపడేసింది వీణలు చేసే చోటు. వీణకు పనసకర్ర వాడతారు. కర్రను తొలిచి కుండ తీస్తారు, దండి మీద మైనం పరిచి ఇరవైనాలుగు మెట్లు అమరుస్తారు. ఒక్కో మెట్టునూ చెవితో సరిచూసుకోవాలి. వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. పని చేస్తున్నాయన తలెత్తకుండా మీటుతూ, సర్దుతూ, మళ్లీ మీటుతూ ఉంటే అరగంట అలాగే నిలబడిపోయాను.

మర్నాడు ద్వారకా తిరుమల. గర్భగుడిలో స్వామివి రెండు మూర్తులు. ఒకటి నిండుగా ఉంటుంది, రెండోదానికి పైభాగమే కనిపిస్తుంది. అందుకే ఏటా కల్యాణాలూ రెండు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. స్వామి బంగారు నగలు, వెండి వాహనాలు మైలవరం రాణి చిన్నమ్మారావుగారు సమర్పించినవి. అక్కణ్ణుంచి కామవరపుకోట వైపు తిరిగి గుంటుపల్లి కొండెక్కాం. రెండు వేల ఏళ్లు దాటిన బౌద్ధ గుహలవి. గుండ్రటి చైత్యంలోకి వెళ్లి తలెత్తితే పూరిపాక కప్పు కనిపించింది! రాతికి వాసాలు అక్కర్లేదు కదా. అయినా చెక్కినవాడు తాను పుట్టిపెరిగిన ఇంటి కప్పునే, వాసం వాసంగా, రాతిలో దించాడు. నడుమ ఉన్న స్తూపాన్ని ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. కొలిచే పేరు మారింది కానీ దణ్ణం ఆగలేదు.

ఇంకో రోజు మైలవరం మీదుగా కొండపల్లి. కొండమీద కోట, కింద బొమ్మలు. 1753లో నిజాం సలాబత్ జంగ్ కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. మనవాళ్లు వాళ్లను పరాసులన్నారు. 1759లో బందరు కోట ఇంగ్లీషువాళ్ల పాలై పరాసుల కథ ముగిసినా, బందరులో పరాసుపేట ఆ పేరుతోనే ఉంది. ఫ్రాన్సు పల్లెల్లో ఇల్లు అద్దెకు తీసుకుని చుట్టుపక్కల పాత ఊళ్లు చూసిరావడం చాలామందికి సెలవుల ముచ్చట. ఫ్రెంచివాళ్ల ముత్తాతలు కొన్నాళ్లు ఏలిన ఈ నేల మీద మనమూ అలా ఎందుకు తిరగకూడదు?

బొమ్మల దగ్గర మళ్లీ కర్ర పనే. తెల్ల పొణికి కర్ర, దూదిలా తేలిక. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, దశావతారాలు, అన్నీ ఆ కర్రలోంచే. అయితే పొణికి ఇప్పుడు కొండల్లో మునుపటిలా దొరకడం లేదని ప్రతి ఇంట్లోనూ విన్నాను.

ఆ రాత్రి మంచం మీద పడుకుని పైకి చూస్తుంటే ఆ వారమంతా ఒక్కటిగా అల్లుకుంది. పనస వీణయింది, పొణికి బొమ్మయింది, గుంటుపల్లిలో రాయి సైతం కర్రనే తలుచుకుంది. ఈ సీమలో చరిత్రను మోస్తున్నవి చెట్లు. కోట గోడ పడిపోతే ఫొటో మిగులుతుంది. చెట్టు పోతే దాన్ని పట్టుకుని బతికే చేతిపనీ, మాటా, రుచీ కలిసి పోతాయి. ఈ చుట్టుపక్కలే మామిడి కొట్టేసి పామాయిలు వేస్తున్నవారున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. పూతకు తేనెమంచు పురుగు పట్టి, మిగిలిన కాయకు ధర పడిపోతే ఏ రైతు మాత్రం ఎన్నేళ్లు ఓర్చుకుంటాడు? మనం చేయగలిగింది ఉంది. తోటకే వచ్చి కాయ కొనుక్కోవచ్చు. బొమ్మ చేసిన చేతి నుంచే బొమ్మ తీసుకోవచ్చు. పిల్లలకు వీణ నేర్పిద్దామనుకుంటే నూజివీడు ఒకసారి రావచ్చు.

బయల్దేరే రోజు పొద్దున బాబాయి గునపంతో గొయ్యి తీస్తున్నారు. క్రితం ఏడు గాలివానకు కూలిన చిన్న రసం చెట్టు చోటు అది. పక్కన చిన్న రసం అంటు, మోకాలెత్తు కూడా లేదు.

"ఇప్పుడు నాటితే ఎండకు తట్టుకుంటుందా బాబాయ్?" అన్నాను.

"గొయ్యి ఇప్పుడు తీసి ఎండనిస్తే మట్టిలో పురుగు చస్తుంది. తొలకరి పడగానే నాటుతాను. కాపుకొచ్చాక మీ పిల్లల్ని తీసుకురా" అన్నారు, చెమట తుడుచుకుంటూ.

వస్తానని మాటిచ్చాను. మీరూ రండి, తోటలో ఇంకో మంచం వేయిస్తాను.