ఏ శీను?

కాలేజీలో మేం ఇద్దరు శీనులం. వాడు తెల్ల శీను, నేను నల్ల శీను. పదేళ్లయినా చాలామంది ఫోన్లలో నా పేరు అలాగే ఉంది. మొన్నొక పెళ్లిలో మా ఆవిడ ముందే ఒకడు "ఒరేయ్ నల్ల శీనుగా!" అని కేకేశాడు. నవ్వేశాను. ఇంటికొచ్చాక ఆమె అడిగింది, "నీకేం అనిపించదా?" అని.

ఆ రోజుల్లోనే మెట్రోలో ఫోన్లో హోమర్ ఇంగ్లిష్ అనువాదం చదువుతున్నాను. గ్రీకు కథల్లోనూ పేర్లకు కరువే. ట్రాయ్ యుద్ధంలో పెద్ద అజాక్స్, చిన్న అజాక్స్ ఉన్నారు. సరే, వాళ్లు హీరోలు. నాకు దొరికింది యూరిబేటీస్‌లు. ఇద్దరూ వార్తాహరులే.

ఇలియడ్ మొదటి భాగంలో ఉన్నవాడు అగమెమ్నాన్ మనిషి. అకిలీస్ దగ్గరున్న అమ్మాయిని తెమ్మని రాజు పంపితే, ఇంకొకడితో కలిసి ఇష్టం లేకుండానే వెళ్తాడు. అక్కడ నోరు పెగలదు. రెండో భాగంలో ఇంకొకడు. సైన్యాన్ని ఆపడానికి ఓడిసియస్ పైబట్ట విసిరేసి పరిగెడితే, అది తీసుకునేవాడు. హోమర్ ఇతనికి 'ఇథాకా వాడు' అని ఒక్క ముక్క తగిలిస్తాడు. అంతే.

అసలు సంగతి ఒడిస్సీ 19వ భాగంలో ఉంది. 20 ఏళ్లకు బిచ్చగాడి వేషంలో ఇంటికొచ్చిన ఓడిసియస్, "మీ ఆయన్ని ఒకప్పుడు చూశాను" అని భార్య పెనెలొపీతో అంటాడు. ఆమె ఊరికే నమ్మదు. ఏం కట్టుకున్నాడు, వెంట ఎవరున్నారు అని ఆరా తీస్తుంది. బట్టలు, బంగారు పిన్ను చెప్పి, చివర్లో వార్తాహరుణ్ణి వర్ణిస్తాడు. వంగిన భుజాలు, నల్లటి ఒళ్లు, ఉంగరాల జుట్టు. పేరు యూరిబేటీస్. ఆ గుర్తులు విని ఆమె ఏడ్చేస్తుంది.

నల్లటి ఒళ్లు దగ్గర నేను ఆగిపోయాను. కానీ ఓడిసియస్ అక్కడ ఆగడు. తనవాళ్లందరిలో మీ ఆయనకు ఇతనంటేనే ఎక్కువ గౌరవం, ఇద్దరి ఆలోచనా ఒకటే అని కూడా చెబుతాడు. ఆ ప్రయాణంలో తోటివాళ్లెవరూ బతికి ఇల్లు చేరలేదు. అంటే ఆ మాట అనేటప్పటికి యూరిబేటీస్ లేడన్నమాట.

నల్ల అన్న మాటతో నాకు పేచీ లేదు, నేను నల్లగానే ఉంటాను. దాని తర్వాత ఇంకో మాట ఎవరూ అనరు, అదే బాధ. మా ఆవిడకి ఇదే చెప్పాను.

కథంతా తెల్ల శీనుకి వాయిస్ మెసేజ్ పెట్టాను. సాయంత్రం రిప్లై వచ్చింది: "బాగుంది గానీ, నా నంబరు నువ్వేమని సేవ్ చేసుకున్నావురా?"

చూసుకున్నాను. తెల్ల శీను అనే ఉంది.