ఒక సున్నా తక్కువ

పోయిన దసరాకి విజయవాడ వెళ్తూ బ్యాగులో రెండు పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు పెట్టుకున్నాను, నాన్న యాంప్లిఫయర్‌లో వేద్దామని. ఒక్కోటీ 1 మైక్రోఫారడ్, బొటనవేలంత లావు. వాటికి పెట్టిన డబ్బుతో కోఠీ గుజరాతీ గల్లీలో మామూలు పాలిస్టర్‌వి దోసెడు వచ్చేవి. కానీ అప్పటికి నెల రోజులుగా ఆ విషయం మీదే చదువుతున్నాను. అంత చదివాక చవకరకం కొనాలంటే నామోషీ.

ఆ యాంప్లిఫయర్ నాన్న తొంభైల్లో తన చేత్తో బిగించుకున్నది. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని, సాయంత్రం బాలమురళి క్యాసెట్లు. లోపల ఒక చిన్న ట్రాన్సిస్టర్ ప్రీయాంప్, దాని వెనక పవర్ యాంప్, రెండిటి మధ్యా చానెల్‌కి ఒక కెపాసిటర్.

ఆ మధ్యలో కూర్చున్నదాని ఉద్యోగం చిన్నదే. ట్రాన్సిస్టర్ పని చెయ్యాలంటే దాని కలెక్టర్ దగ్గర కొన్ని వోల్టుల డీసీ ఎప్పుడూ నిలబడి ఉండాలి. పాట దాని మీద చిన్న అలలా ఊగుతుంటుంది. తర్వాతి దశకి అల కావాలి, ఆ డీసీ వద్దు. కెపాసిటర్ డీసీని గుమ్మంలోనే ఆపి అలని లోపలికి పంపుతుంది. కాకపోతే మరీ నెమ్మదిగా ఊగే అలల్ని కూడా కొంత ఆపేస్తుంది. ఎక్కణ్ణుంచి ఆపుతుందన్నది దాని విలువా, ఎదురుగా ఉన్న రెసిస్టెన్సూ కలిసి తేలుస్తాయి. మా డబ్బాలో ఆ రెసిస్టెన్స్ 10 కిలో ఓమ్‌లు. దానికి 1 మైక్రోఫారడ్ అయితే కోత 16 హెర్ట్జ్ దగ్గర, మనిషి చెవికి దాదాపు అందని చోట.

ఇది ఇంజనీరింగ్‌లో అందరికీ చెప్పే పాఠమే. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి గొడవ: ఏ విలువ అని కాదు, ఏ రకం అని. 1980లో వాల్టర్ జంగ్, రిచర్డ్ మార్ష్ 'ఆడియో' పత్రికలో కెపాసిటర్ల ఎంపిక మీద రెండు భాగాల వ్యాసం రాశారు. లోపలి పొర దేనితో చేశారన్నది ధ్వనికి ముఖ్యమేనని వాళ్ళ వాదన. 2002లో సిరిల్ బేట్‌మన్ 'ఎలక్ట్రానిక్స్ వరల్డ్'లో రకరకాల కెపాసిటర్ల వక్రీకరణని కొలిచి వరసగా వ్యాసాలు రాశాడు. ఇవన్నీ చదివి నేను పట్టుకున్నది ఒక్కటే, పాలీప్రొపిలీన్ మంచిది అని. అది అబద్ధం కాదు. ఎక్కడ, ఎంత అనేవి మాత్రం వదిలేశాను.

పాతవి పీకి కొత్తవి అతికించాను. క్యాసెట్ పెట్టాం. నిజంగా మారిపోయింది! మృదంగం ఎడమ మూత గది మధ్యలో కూర్చుని మోగుతోంది. గొంతుకి ఒళ్ళొచ్చింది. ఫోన్‌లో గబగబా రాసుకున్నాను: 'తెర తొలగినట్టు', 'మట్టివాసన ఉన్న గాఢత'. (రెండోది నేనే ఒక నవల సమీక్షలో వాడేసిన మాట.)

సామాన్లు సర్దుతుంటే పేపర్ మీద పడున్న పాత కెపాసిటర్లు కనిపించాయి. కుడి చానెల్‌ది నాన్న వేసిన 1 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్. ఎడమది బిళ్ళలాంటి సిరామిక్, దాని మీద 104 అని ఉంది.

అది వేసింది నేనే, బీటెక్ రెండో ఏడులో. ఎడమ పక్క గరగర వస్తోందని, అక్కడున్న ఎలక్ట్రోలైటిక్ లీకవుతోందని కనిపెట్టి, గొప్పగా మార్చాను. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, పికోఫారడ్లలో. అంటే 0.1 మైక్రోఫారడ్. కావలసింది 105. సున్నాలు లెక్కపెట్టడంలో ఒకటి జారింది. కోత 16 నుంచి 159 హెర్ట్జ్‌కి ఎక్కి కూర్చుంది. ఇప్పుడు రోజూ ఆఫీసులో ఇతరుల కోడ్‌లో ఇలాంటి తప్పులే పట్టి జీతం తీసుకుంటున్నాను.

ఆ బిళ్ళని మళ్ళీ తగిలించి పెన్సిల్‌తో తట్టి చూశాను. స్పీకర్లో టుక్ టుక్ మంది. ఎక్కువ విలువని చిన్న బిళ్ళలో ఇరికించిన సిరామిక్‌లు చాలావాటికి ఈ గుణం ఉంటుంది, కదిపితే వోల్టేజి పుట్టిస్తాయి. పైగా వోల్టేజిని బట్టి వాటి విలువే మారుతుంది. పాట దారిలో ఇవి వద్దని ఊరికే అనలేదు. ఇక్కడ రకం లెక్కలోకి వస్తుంది. ఎలక్ట్రోలైటిక్‌తో చిక్కు వేరు: ఎండిపోతాయి, లీకవుతాయి. కానీ కావలసినదానికంటే బాగా పెద్ద విలువది వేస్తే, పాట తాలూకు వోల్టేజి దాని కొసల మధ్య పెద్దగా పడదు. పడనిచోట వక్రీకరణా దాదాపు ఉండదు. డగ్లస్ సెల్ఫ్ తన పుస్తకాల్లో చెప్పేది అదే.

మరి నా బొటనవేళ్ళ సంగతి? వీధి చివర టీవీ మెకానిక్ దగ్గర రెండు పాలిస్టర్ 1 మైక్రోఫారడ్‌లు తెచ్చి, ఒక స్విచ్ పెట్టాను. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. అమ్మ రూపాయి ఎగరేసి, బొమ్మో బొరుసో చూసి, స్విచ్ అటో ఇటో వేసేది. పదహారుసార్లలో తొమ్మిది సరిగ్గా చెప్పాను. "ఇందాకా ఇదే పాట కదరా" అని అమ్మ విసుక్కుంది. ఆ రూపాయినే అడిగినా దాదాపు అంతే చెప్పేది. పాలిస్టర్‌వే ఉంచేశాను, డబ్బా మూత కూడా పట్టింది. ఫోన్‌లో రాసుకున్నది చెరపలేదు, అప్పుడప్పుడూ చూసుకుంటుంటాను. ముఖ్యంగా పేరున్న రచయిత పుస్తకం చేతికొచ్చినప్పుడు.

రాత్రి అన్నాల దగ్గర నాన్నకి చెప్పాను, ఇన్నేళ్ళూ ఎడమ పక్క బేస్ లేదు, తప్పు నాదని.

"తెలుసు. నువ్వు వేసిన మర్నాడే తెలిసింది."

"చెప్పొచ్చుగా?"

"ఏం చెప్తాం. మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నావు. బాలెన్స్ నాబ్ కొంచెం ఎడమకి తిప్పుకుంటే నాకు సరిపోయింది."

నిద్రపోయేముందు హాల్లోకెళ్ళి నాబ్‌ని సరిగ్గా మధ్యకి తెచ్చాను.

పొద్దున లేచేసరికి భక్తిరంజని వస్తోంది. నాబ్ మళ్ళీ ఎడమకి ఉంది, ముందుకంటే ఇంకాస్త ఎక్కువే. అలవాటులే అనుకుని మధ్యకి తిప్పాను. నాన్న కుర్చీలోంచి లేచొచ్చి, ఏమీ అనకుండా మళ్ళీ ఎడమకి తిప్పాడు.

"నాన్నా, ఇప్పుడు రెండు పక్కలా సమానంగానే వస్తోంది."

ఆయన నావైపు కుడి చెవి తిప్పి, "ఏమన్నావు?" అన్నాడు.

ఆ రోజుకున్న బస్సు టికెట్ క్యాన్సిల్ చేసి, చెవుల డాక్టర్ ఎక్కడున్నాడో వెతకడం మొదలుపెట్టాను.