పదిహేను కిలోల సంచి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేటనిషేధం. మా పూడిమడక పడవలన్నీ ఆ రెండు నెలలూ ఇసుకలోనే ఉంటాయి. సూర చేపల కోసం గేలాలేసుకుని లోతుకు పోయే మగవాళ్లు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, అమ్మకు గంప ఎత్తే పనుండదు. హైదరాబాద్‌లో మా చెల్లెలికి నెలలు నిండుతున్న సమయమూ అదే. దాన్ని పుట్టింటికి తెచ్చుకుందామంటే డాక్టరమ్మ ప్రయాణం వద్దంది. రైల్లో టికెట్లు దొరకలేదు. అమ్మనే విమానంలో తీసుకెళ్దామనుకున్నాను. అమ్మే కాదు, నేనూ అంతవరకు విమానం ఎక్కలేదు.

సంచి సర్దే దగ్గరే సగం చదువు అయిపోయింది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మా వీధి తమ్ముడు అరుగు మీద కూర్చుని చెబుతుంటే అమ్మ ఒక్కొక్కటీ పైకి తీసింది. ఎండుకొబ్బరి వద్దన్నాడు. అందులో నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుందట. ఆవకాయ సీసా, చెల్లెలికోసం కొన్న కొత్త కత్తిపీట పెద్ద సంచిలోకి పోయాయి. పవర్‌బ్యాంకు సంగతి వేరు, అది చేతిసంచిలోనే ఉండాలి. దాని బ్యాటరీ మండితే పైన మనుషుల మధ్యనైతే ఆర్పుతారు, కింద సామాన్ల అరలో అయితే ఎవరు చూస్తారు? ఎండు నెత్తళ్ల విషయంలో ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతని, ముందే ఫోన్ చేసి అడిగాను. వాసన బయటికి రాకుండా కట్టమన్నారు. మూడు కవర్లు చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, దాని మీద గుడ్డ మూట కట్టింది అమ్మ.

పెద్ద సంచికి 15 కిలోలు, చేతిసంచికి 7. మా ఇంట్లో కాటా లేదు. అమ్మ చేపల్ని పోగులు పెట్టి అమ్ముతుంది. సంచిని ఓసారి పైకి లేపి, ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చి దింపింది.

"పద్నాలుగున్నర ఉంటాది. అరకిలో కాళీ ఉండనీ."

విశాఖ విమానాశ్రయానికి అచ్యుతాపురం దాటి, గాజువాక మీదుగా నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన హరిత హైడ్రోజన్ హబ్ వల్ల ఇప్పుడు మా ఊరి పేరు పేపర్లలో తరచు కనిపిస్తోంది. కానీ విమానం అన్నది మాత్రం మా ఇళ్లలో చాలామందికి ఇంకా తలెత్తి చూసేదే. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకున్న భోగాపురం విమానాశ్రయం నుంచి ఎగరాలంటే మేం విశాఖంతా దాటుకుని పోవాలి. మా వైపువాళ్ల కోసం అక్కడికి నేరుగా బస్సులు వేస్తే ఎంత మేలో!

మేం వచ్చిన విశాఖ విమానాశ్రయంలో రన్‌వే నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగ. ఆ పేరు చెబితే అమ్మ "మన డేగేనా?" అని అడిగింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గాలికి ఈ టెర్మినల్ పైకప్పు కూడా ఊడిందని చెప్పాను. తలెత్తి కప్పు వంక చాలాసేపు చూసింది. "మన పాకకి లాగే" అంది. అంతవరకు గట్టిగా పట్టుకున్న నా చెయ్యి అప్పుడు వదిలింది.

గుమ్మం దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను టికెట్టూ ఆధారూ పక్కపక్కన పెట్టి చూశాడు. టికెట్ తీసినచోట అమ్మ ఇంటిపేరు వదిలేస్తే రెండు రోజుల ముందే సరిచేయించాను. ఆధార్‌లో పేరు ఎలా ఉందో టికెట్‌లోనూ అలాగే ఉండాలి.

కౌంటరు దగ్గర సంచి కాటా ఎక్కింది. ఎర్రంకెలు కాసేపు అటూ ఇటూ ఆడి 14.6 దగ్గర నిలిచాయి. అమ్మ ఏమీ అనలేదు, నా వంక ఒకసారి చూసిందంతే. సంచి బెల్టు మీద జారి రబ్బరు తెర వెనక్కి పోతుంటే మాత్రం కంగారుపడింది. "దాన్నెవుడు సూత్తాడు?" సంచికి కట్టిన చీటీ మీద అంకె, మా చేతికిచ్చిన ముక్క మీద అంకె ఒకటేనని చూపించాను. ఆ ముక్కను కొంగున ముడేసుకుంది.

తనిఖీ దగ్గర ఆడవాళ్లకు తెరకట్టిన గది వేరుగా ఉంది. అమ్మ అందులోంచి వచ్చేసరికి మా చేతిసంచిని పక్కకు తీసి పెట్టారు. లోపల తమలపాకుల మూట, అందులో అమ్మమ్మ అడకత్తెర. అంచు అరిగి వెండిలా మెరుస్తుంది. నలభై ఏళ్లుగా అమ్మ బొడ్డులో ఉన్న వస్తువు, అది ఆయుధమని మాకెవరికీ తట్టనే లేదు. దాన్ని లోపలికి తీసుకెళ్లకూడదు. అక్కడే వదిలెయ్యాలి, లేదా వెనక్కి పోయి కౌంటరులో ఇవ్వాలి. అమ్మ కళ్లు నిండాయి.

దేశం లోపలి ప్రయాణాలకు గంట ముందే కౌంటరు మూసేస్తారు. మేం మూడు గంటల ముందే వచ్చాం కాబట్టి వెనక్కి పరుగెత్తగలిగాను. అక్కడి అమ్మాయి నా మాట ఓపిగ్గా విని, అడకత్తెరను చిన్న అట్టపెట్టెలో పెట్టి ఇంకో చీటీ కట్టింది. దాని బరువు అమ్మ వదిలిన అరకిలోలో సరిపోయింది.

గేటు దగ్గర హైదరాబాద్ మీదుగా గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లు నలుగురు కూర్చున్నారు. వాళ్లను చూస్తే మా వీధి తమ్ముడి మాటలు గుర్తొచ్చాయి. పది పాసవని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ రకం. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి. అది ఎగ్గొట్టి విజిటింగ్ వీసా మీద పంపే ఏజెంటును నమ్మినవాడు అక్కడ జీతం ఆగినా, దెబ్బ తగిలినా అడగడానికి దిక్కులేనివాడవుతాడు. బడి మధ్యలో మానేసి పడవెక్కిన మా పిల్లలకు ఈ సంగతి ముందుగా చెప్పేవాళ్లు కావాలి.

విమానం ఎక్కమని పిలుపు ఇంగ్లీషులో వినిపించింది, తర్వాత హిందీలో. తెలుగులో వస్తుందేమోనని చూశాను, రాలేదు. అమ్మకు గాలి మళ్లడం చెవితోనే తెలుస్తుంది. తనను పిలిచే పిలుపు మాత్రం ఆ చెవికి అందలేదు. తెలుగు గడ్డ మీద ఎగిరే విమానానికి రెండు తెలుగు మాటలు బరువా? నాకు చాలా బాధేసింది.

శంషాబాద్‌లో దిగాక బెల్టు దగ్గర కొంగు ముడి విప్పి, అంకె అంకెకూ సరిచూసుకున్నాకే సంచిని తాకింది. అట్టపెట్టె విప్పి, అడకత్తెర బొడ్డులో దోపుకుని, ఊరికి ఫోన్ చేయమంది. వచ్చే నెల మా అత్త రావాల్సి ఉంది.

"వదినా, నానే. అడకత్తెర సేతిసంచిలో ఎట్టకు, పెద్దదాన్లో ఎట్టు. టికెట్లో పేరు ఆధార్‌లో ఎలగుందో అలగే రాయించుకో. తెలీకపోతే అడుగు, సెప్తారు. బేగి బయల్దేరు. సంచి పద్నాలుగున్నర దాటనీకు, అరకిలో కాళీ ఉంచు."