ఫెజ్ నగరపు రొట్టెల భట్టీ

మొరాకో దేశంలోని ఫెజ్ నగరానికి ఫెస్ అల్-బాలీ అనే పాతపేట ఉంది. అక్కడ ఒక మొహల్లా అంటే ఐదు వసతులు ఉండితీరాలన్నది పూర్వుల ఏర్పాటు: మస్జిద్, పిల్లలు ఖుర్‌ఆన్ నేర్చుకునే బడి, మంచినీటి ధార, హమ్మామ్, రొట్టెలు కాల్చే భట్టీ. మొదటి నాలుగింటిని గురించి యాత్రికులు విస్తారంగానే వ్రాశారు. ఐదవదానిని గురించి, ముఖ్యంగా ఇంట్లో ఓవెన్ కొనుక్కుని, రొట్టె ఎందుకు పొంగడం లేదో తెలియక విసిగిపోతున్న మన సోదరీమణుల కోసం, కొన్ని మాటలు చెప్పదలిచాము.

గత శీతాకాలంలో, ఆ దేశంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుని ఆహ్వానంపై మేము అక్కడికి వెళ్లాము. మదరసాలలో వయస్సు గడిపినవారికి ఫెజ్ అంటే మొదట స్ఫురించేది జామె ఖరవియ్యీన్. హిజ్రీ 245లో, అనగా క్రీ.శ. 859లో, ఫాతిమా అల్-ఫిహ్రీ అనే పుణ్యస్త్రీ తన వారసత్వ ధనంతో దానిని నిర్మింపజేశారని ప్రసిద్ధి. ఆ మస్జిద్‌ను, 14వ శతాబ్దికి చెందిన బూ ఇనానియా మదరసాను తనివితీరా చూశాము. వాటి వర్ణన మరొకసారి. బాబ్ బూజ్‌లూద్ అనే నీలి ద్వారం దాటి లోపలికి అడుగుపెడితే మోటారు వాహనాల ఊసే ఉండదు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగవలసినంత ఇరుకు సందులు. సరుకులు మోసే కంచరగాడిదల వెంట "బాలక్! బాలక్!" అన్న కేక. తప్పుకోండి అని దాని భావం.

ఆ సందులలో ఉదయం పది గంటల వేళ ఒక దృశ్యం మా కాళ్లను ఆపివేసింది. పదేళ్ల బాలిక తలపై పొడవాటి చెక్కపలకను పెట్టుకుని నడిచిపోతున్నది. పలకపై గుడ్డ కప్పిన నాలుగు గుండ్రని పిండిముద్దలు. ఆ పలకను అక్కడ 'వస్ల' అంటారు. పిండి పిసికేది ఇంట్లో, కాల్చేది మొహల్లా భట్టీలో. ఆ భట్టీ పేరు 'ఫర్రాన్'.

బాలిక వెనుకనే మేమూ లోపలికి వెళ్లాము. నేలకు కాస్త దిగువన చీకటి గది. ఎదుట ఇటుకల గుమ్మటం, దానికి జానెడు నోరు. గోడ పొడవునా అరలపై పలకలు. భట్టీ నడిపే పెద్దమనిషికి అరవై దాటి ఉంటాయి. మేము మదరసా ఉపాధ్యాయులమని తెలియగానే "యా ఫఖీహ్" అని పలకరించి పీట జరిపారు. మా పుస్తకాల అరబ్బీ విని ఆయనకు నవ్వాగలేదు. అక్కడివారికి అది టీవీలో వార్తలు చదివినట్లు వినిపిస్తుందట. అయినా రొట్టెల విషయంలో మా ఇరువురికీ భాష అడ్డు రాలేదు.

నిప్పులను ఒక ప్రక్కకు నెట్టి, పొడవాటి కర్రకు చుట్టిన తడిగుడ్డతో భట్టీ నేలను ఆయన తుడిచారు. బుస్సుమని ఆవిరి లేచింది. బూడిద కోసమే తుడుస్తున్నారనుకున్నాము. "బూడిద పోతుంది, భట్టీకి తడి కూడా వస్తుంది" అన్నారు ఆయన. తర్వాత చేటంత వెడల్పు గల కర్రతెడ్డుతో ఒక్కొక్క రొట్టెను లోపలికి జార్చారు. ముప్ఫైకి పైగా పట్టాయి. ఎవరి రొట్టె ఏదో గుర్తు ఎలాగని అడిగాము. ఒకరిది ఫోర్కుతో నాలుగు పోట్లు, ఒకరిది వేలిముద్ర, ఒకరిది అంచు మందం. ఆయనకు చేతివాటమే చాలు. తొలి వాయిలో తన రొట్టె పెట్టవద్దని కోరే ఇల్లాళ్లు కొందరున్నారట. భట్టీ నిండాకనే రొట్టె మెత్తగా పొంగుతుందని వారి అనుభవం.

ఆ అనుభవానికి బలమైన కారణమే ఉన్నది. పిండి వేడిలోకి వెళ్లగానే లోపలి వాయువులు వ్యాకోచిస్తాయి. పులియబెట్టే సూక్ష్మజీవులు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర నశించేలోపు మరింత చురుకుగా పనిచేస్తాయి. రొట్టె ఎదిగేది ఆ మొదటి కొద్ది నిమిషాలలోనే. అప్పుడు చుట్టూ పొడిగాలి ఉంటే పైచర్మం ముందే ఎండి గట్టిపడుతుంది. ఎదగడానికి దారిలేని రొట్టె ప్రక్కన పగులుతుంది, లేదా ముద్దగా మిగిలిపోతుంది. ఆవిరి ఉంటే అది చల్లని పిండిపై నీరై చేరి, చర్మాన్ని సాగే స్థితిలో నిలుపుతుంది. పైనున్న పిండిపదార్థం ఆ తడిని పీల్చి ఉడుకుతుంది. తర్వాత వచ్చే పలుచని, నిగనిగలాడే పెళుసు పొర దానివలననే. ముప్ఫై రొట్టెలున్న భట్టీలో ఆవిరి కోసం వేరే ఏర్పాటు అక్కరలేదు. ఒక ఇంటి పిండి తడి మరొక ఇంటి రొట్టెను పొంగిస్తుంది.

నిజం చెప్పాలంటే మొరాకో ఖుబ్జ్ బల్లపరుపు రొట్టె. ఎక్కువ ఉబ్బకుండా పోట్లు కూడా పొడుస్తారు. ఆవిరి మహిమ పూర్తిగా తెలిసేది ఎత్తైన ఐరోపా రొట్టెలలో. వియన్నా నగరపు ఆవిరి భట్టీ పద్ధతిని ఆగస్ట్ జాంగ్ అనే వ్యాపారి 1830ల చివర పారిస్‌కు తీసుకువెళ్లి పేరుపొందాడు.

ఫెజ్ ఇల్లాళ్లు పులుపు కోసం దాచుకునే పాతపిండిని 'ఖమీర' అంటారు. మన ఇళ్లలో ఖమీర్ అన్న మాటా ఇదే. నేటి యువత సవర్‌డో అంటున్నదీ ఇదే. ఈ ధాతువుకు అరబ్బీలో కప్పడం అన్న అర్థమున్నది. తలను కప్పే ఖిమార్, బుద్ధిని కప్పే ఖమ్ర్ అందులోనివే. అందుకనే ఒక విద్యార్థి మమ్మల్ని సందేహం అడిగాడు: ఈ రొట్టె ధర్మసమ్మతమేనా అని. పులిసే పిండిలో పుట్టే ఆ కొద్ది ఆల్కహాల్ చాలావరకు భట్టీలో ఎగిరిపోతుంది. ఎంత తిన్నా మత్తు కలిగించని రొట్టెను మదుతో జతకట్టడం సరికాదు. ముస్లిం సమాజాలు తరతరాలుగా ఖమీర్ రొట్టె తింటున్నాయి.

ఫర్రాన్‌లు తగ్గిపోతున్నాయని ఆ పెద్దమనిషి చెప్పారు. ఇళ్లలోకి గ్యాస్ ఓవెన్లు వచ్చాయి. అంగడిలో గుండ్రని రొట్టె 1 దిర్హామ్ 20 సాంతీమ్‌లకే దొరుకుతుంటే పిసికే ఓపిక ఎందరికి? ఆయన కుమారులిద్దరూ వేరే పనులలో ఉన్నారు. "నా తర్వాత ఈ తలుపు మూసుకుంటుంది" అని మామూలు గొంతుతోనే అని, మరుసటి పలక అందుకున్నారు.

ఇక మన ఇంటి సంగతి. చిన్న ఓవెన్‌లో ఒక్క రొట్టె విడిచే తడి ఎంత? అదీ సందులలోంచి బయటికి పోతుంది. అడుగున వేడినీళ్ల పళ్లెం పెట్టడం కొంత మేలు గాని, ఓవెన్ అద్దంపై చన్నీళ్లు పడితే పగిలే ప్రమాదమున్నది. అంతకంటె మూత బిగువుగా పట్టే మందపాటి ఇనుప గిన్నె ఉత్తమం. రొట్టె తడి రొట్టెకే దక్కుతుంది. మా కోడలు పాటించే కొలతలివి: పిండి 500 గ్రాములు (సగం గోధుమ, సగం మైదా), నీరు 350 మిల్లీలీటర్లు, చురుకైన ఖమీర్ 100 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు. మన ఎండాకాలంలో పిండి నాలుగైదు గంటలలోనే పొంగుతుంది. గడియారాన్ని గాక పిండిని చూడాలి. ఖాళీ గిన్నెను ఓవెన్‌లో 230 డిగ్రీల వద్ద అరగంట కాచి, రొట్టెను దించి, పైన బ్లేడుతో ఒక గాటు పెట్టి మూత వేయాలి. 20 నిమిషాల తర్వాత మూత తీసి, రంగు వచ్చేవరకు మరో 20 నిమిషాలు. మూత తీసేటప్పుడు ముఖం దూరంగా ఉంచుకోవాలి, ఆవిరి కాల్చుతుంది. చల్లారకముందు కోస్తే లోపల జిగటగా ఉంటుంది. మా మనుమలు ఈ నియమాన్ని ఏనాడూ పాటించలేదు.

మా వీధి చివరి బేకరీలో కట్టెల భట్టీ ఇంకా ఉన్నది. మా చిన్ననాట రంజాన్ చివరి రోజులలో మైదా, చక్కెర, నెయ్యి పళ్లెంలో పెట్టుకుని వెళ్లి అక్కడే నాన్‌ఖతాయీలు కాల్పించుకునేవాళ్లము. ఇప్పుడు పండుగ బిస్కట్లు డబ్బాలలో వస్తున్నాయి. ఫెజ్ నుండి తిరిగి వచ్చాక యజమానితో మాట్లాడాము. గురువారం రాత్రి పని ముగిశాక భట్టీలో మిగిలిన వేడిని శుక్రవారం ఫజ్ర్ నమాజ్ అనంతరం మాకు ఇవ్వడానికి, రొట్టెకు పది రూపాయల కట్టెల ఖర్చుపై, ఆయన ఒప్పుకున్నారు. మొదటి వారం రెండిళ్ల మూడు రొట్టెలు. ఇప్పుడు ఆరిళ్లవి పదకొండు. ఇనుప గిన్నెలోకంటె ఇక్కడే బాగా ఎదుగుతున్నాయని మా కోడలు అంటున్నది. గుర్తుల విషయమే ఇంకా కుదరలేదు. పోయిన శుక్రవారం మా రొట్టె ఎదురింటికి, వారిది మా ఇంటికి చేరాయి. వారిది కాస్త ఎక్కువ పులుపు.